డీఎన్‌ఏ మిథైలేషన్: కణం తానేమిటో మరవకుండా ఉండే తీరు

నాడీకణంలోనూ కాలేయకణంలోనూ చర్మకణంలోనూ ఉన్న డీఎన్‌ఏ ఒక్కటే. మనిషి దేహంలో 200కు పైగా ఉన్న కణ రకాలన్నీ ఫలదీకరణ చెందిన ఒకే అండం నుంచి వచ్చాయి, అన్నిటికీ దక్కినవి అవే 20 వేల జన్యువులు. రోగనిరోధక కణాలు కొన్ని తమ డీఎన్‌ఏలో చిన్న ముక్కలు కత్తిరించుకుంటాయి, ఎర్ర రక్తకణం చివరికి కేంద్రకాన్నే వదిలేస్తుంది. ఇలాంటి కొద్ది మినహాయింపులు పోను, కణానికీ కణానికీ తేడా అంతా ఏ జన్యువు పనిచేస్తోంది, ఏది మూగగా ఉంది అన్నదాంట్లోనే ఉంది. కాలేయకణం విభజన చెందితే రెండు కాలేయకణాలే పుడతాయి, నాడీకణం పుట్టదు. అంటే కణం తన రకాన్ని ఏదో ఒక రూపంలో గుర్తుంచుకుని పిల్లకణాలకు అప్పజెబుతోంది.

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. కణానికి ఆ గుర్తింపు మొదట ఎలా వస్తుంది? వచ్చాక ఎలా నిలుస్తుంది? డీఎన్‌ఏ మిథైలేషన్ గురించి వినిపించే గందరగోళంలో సగం ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపేయడం వల్లే వచ్చింది. ఇప్పటిదాకా పోగుపడిన సాక్ష్యాన్ని బట్టి చూస్తే, గుర్తింపును నిర్ణయించేది ప్రధానంగా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే డీఎన్‌ఏ మీద నిర్దిష్టమైన చోట్ల కూర్చుని జన్యువులను నడిపించే ప్రొటీన్లు. ఆ నిర్ణయం కణ విభజనల మధ్య చెదిరిపోకుండా కాపాడటంలో పెద్ద వాటా మిథైలేషన్‌ది.

రసాయనం దృష్టితో చూస్తే ఇది చాలా చిన్న మార్పు. డీఎన్‌ఏలోని నాలుగు క్షారాల్లో ఒకటైన సైటోసిన్‌కు ఐదో స్థానంలో ఒక మిథైల్ సమూహం, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, చేరుతుంది. అక్షరాల వరుస మారదు. సైటోసిన్ ఎప్పటిలాగే గ్వానిన్‌తో జతకడుతుంది, దాని నుంచి తయారయ్యే ప్రొటీన్ కూడా మారదు. దూడ థైమస్ గ్రంథి నుంచి తీసిన డీఎన్‌ఏలో ఈ మారిన సైటోసిన్ జాడను 1948లో రోలిన్ హాచ్‌కిస్ గమనించాడు. దాని పని ఏమిటో ఊహించడానికే పాతికేళ్లకు పైగా పట్టింది.

క్షీరదాల్లో ఈ గుర్తు దాదాపు అంతా ఒకే రకమైన చోట కనిపిస్తుంది: సైటోసిన్ వెంటనే గ్వానిన్ వచ్చే సీజీ జంటల్లో. మానవ జీనోములో ఇలాంటి జంటలు సుమారు 2.8 కోట్లు, వాటిలో 70 నుంచి 80 శాతం మిథైల్ గుర్తు ఉన్నవే. నిజానికి లెక్క ప్రకారం ఈ జంటలు ఇంతకు ఐదు రెట్లు ఉండాలి. మిథైల్ చేరిన సైటోసిన్ కాలక్రమంలో సులభంగా థైమిన్‌గా మారిపోతుంది కాబట్టి పరిణామ క్రమంలో చాలా జంటలు చెరిగిపోయాయి. చెరగకుండా గుంపుగా మిగిలిన చోట్లను సీజీ దీవులు అంటారు. 1980ల్లో స్కాట్లండ్‌లో ఏడ్రియన్ బర్డ్ బృందం వీటిని గుర్తించింది. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ప్రమోటర్, అంటే జన్యువు పని మొదలయ్యే ముందుభాగం, ఇలాంటి దీవిలోనే ఉంటుంది. ఈ దీవులు మామూలుగా మిథైల్ లేకుండా ఉంటాయి. ఒక దీవికి దట్టంగా మిథైల్ పడితే ఆ జన్యువు మూతపడుతుంది, ఆ మూత చాలాకాలం తెరుచుకోదు.

మిథైలేషన్ ఒక జ్ఞాపకం కాగలదన్న ఆలోచన 1975లో వచ్చింది. అమెరికాలో ఆర్థర్ రిగ్స్, ఇంగ్లండ్‌లో రాబిన్ హాలిడే, జాన్ ప్యూల జంట విడివిడిగా ఒకే మాట చెప్పారు. వారి వాదనకు బలం సీజీ జంట ఆకృతిలోనే ఉంది. ఒక పోగులో సీజీ అని ఉంటే ఎదుటి పోగులోనూ ఎదురు దిశలో సీజీ అనే ఉంటుంది. డీఎన్‌ఏ రెట్టింపు అయినప్పుడు పాత పోగు మీద మిథైల్ గుర్తు ఉంటుంది, కొత్త పోగు ఖాళీగా వస్తుంది. సగం గుర్తు ఉన్న జంటను మాత్రమే పట్టుకుని మిగతా సగం పూరించే ఎంజైమ్ ఒకటి ఉంటే, గుర్తుల వరుస తరతరాల కణాలకు అందుతుంది. పాత అడంగల్ ఎదురుగా పెట్టుకుని, అదే సర్వే నంబరు ఎదుట అదే పేరును కొత్త ఏడాది అడంగల్‌లో ఎక్కించే పని లాంటిదిది. ప్రయోగశాలలో ఏ ఎంజైమూ చేతికి రాకముందే, కేవలం తర్కంతో ఇంతదూరం చూడగలగడం జీవశాస్త్ర చరిత్రలో అరుదైన సంగతి.

ఆ ఎంజైమ్ దొరికింది. 1988లో తిమోతీ బెస్టర్ బృందం దాని జన్యువును వేరుచేసింది, ఇప్పుడు దాన్ని డీఎన్‌ఎంటీ1 అంటున్నారు. 1992లో ఎన్ లీ, బెస్టర్, రుడాల్ఫ్ యేనిష్ ఎలుకల్లో ఈ జన్యువును చెడగొట్టి చూస్తే పిండాలు గర్భం మధ్యకాలంలోనే చనిపోయాయి. డీఎన్‌ఎంటీ1 తనంతట తాను సరైన చోటికి చేరలేదని 2007లో తేలింది. సగం గుర్తు ఉన్న జంటను ముందుగా గుర్తుపట్టేది యూహెచ్‌ఆర్‌ఎఫ్1 అనే మరో ప్రొటీన్. అది ఆ సైటోసిన్‌ను డీఎన్‌ఏ మెలిక నుంచి బయటికి తిప్పి పట్టుకుని డీఎన్‌ఎంటీ1ను అక్కడికి పిలుస్తుంది. ఈ ప్రొటీన్ పేరు మళ్లీ రక్తకణాల చర్చలో వస్తుంది.

ఈ నకలు పని నూటికి నూరు పాళ్లు కచ్చితంగా జరగదు. డీఎన్‌ఏ అక్షరాల నకలులో జరిగే తప్పులతో పోలిస్తే మిథైల్ గుర్తుల నకలులో తప్పులు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా జ్ఞాపకం నిలుస్తుంది, ఎందుకంటే కణం ఒక్కొక్క సీజీని విడిగా నమ్ముకోదు. పదుల సంఖ్యలో జంటలున్న ప్రాంతం మొత్తం మిథైల్ స్థితిలోనో ఖాళీ స్థితిలోనో ఉంటుంది. ఒకటి రెండు గుర్తులు జారిపోతే పక్కవాటి ఆధారంగా మళ్లీ పూరించే యంత్రాంగం ఉంది.

కొత్తగా గుర్తు పెట్టే పని వేరే ఎంజైమ్‌లది: డీఎన్‌ఎంటీ3ఏ, డీఎన్‌ఎంటీ3బీ. 1999లో మసాకీ ఒకానో, ఎన్ లీ బృందం ఈ రెండూ లేకపోతే ఎలుక పిండం ఎదగదని చూపించింది. అదే ఏడాది మనుషుల్లో డీఎన్‌ఎంటీ3బీ లోపం వల్ల రోగనిరోధక శక్తి క్షీణించే ఐసీఎఫ్ సిండ్రోమ్ వస్తుందని కూడా తేలింది. అసలు ప్రశ్న ఏమిటంటే, ఎక్కడ రాయాలో ఈ ఎంజైమ్‌లకు చెప్పేదెవరు? వాటికి సొంతంగా అక్షరాల వరుస చదివే శక్తి చాలా తక్కువ. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల స్థితిని అవి చూస్తాయి. జన్యువు పనిచేస్తున్నప్పుడు దాని ప్రమోటర్ దగ్గరి హిస్టోన్ హెచ్3 మీద, నాలుగో లైసిన్ వద్ద, ఒక గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఉన్నచోట డీఎన్‌ఎంటీ3 కుటుంబం పట్టు దొరక్క వెళ్లిపోతుంది. జన్యువు పనిచేయనిచోట అడ్డు తొలగి మిథైలేషన్ జరుగుతుంది. అంటే ఏ జన్యువు పనిచేయాలన్న నిర్ణయం ముందు, మిథైల్ ముద్ర తరువాత.

ఈ వరుసక్రమానికి చక్కటి రుజువు ఆడ క్షీరదాల్లో దొరికింది. ఆడ కణంలోని రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి మూతపడుతుందని 1961లో మేరీ లయన్ చెప్పింది. మూతపడ్డ ఎక్స్ మీది హెచ్‌పీఆర్‌టీ జన్యువుకు మిథైల్ ఎప్పుడు పడుతుందో 1987లో గెయిల్ మార్టిన్ బృందం కొలిచింది. క్రోమోజోము మూతపడిన కొన్ని రోజులకు గానీ మిథైల్ పడలేదు. తలుపు ముందే మూసుకుంది, గడియ తర్వాత పడింది. ఆ గడియ లేకపోతే మాత్రం మూత నిలవదు.

మరో రెండు సంగతులు ఇదే వైపు చూపిస్తాయి. ఎలుక పిండ మూలకణాల్లో మూడు మిథైలేషన్ ఎంజైమ్‌లనూ తీసేసినా అవి బతుకుతాయి, విభజన చెందుతాయి. కానీ ఒక నిర్దిష్ట కణ రకంగా స్థిరపడమంటే తడబడతాయి. ఇంకొకటి: పండ్ల ఈగలోనూ సీ. ఎలిగన్స్ అనే సూక్ష్మ పురుగులోనూ చెప్పుకోదగ్గ సైటోసిన్ మిథైలేషన్ లేదు, అయినా వాటికి కండరాలూ నాడులూ ప్రేగులూ అన్నీ ఉన్నాయి. కాబట్టి కణ గుర్తింపు ఏర్పడాలంటే మిథైలేషన్ తప్పనిసరి అని అన్ని జీవులకూ వర్తించేలా చెప్పడం పొరపాటు. దీర్ఘాయువు, పెద్ద జీనోము, లెక్కలేనన్ని కణ విభజనలు ఉన్న క్షీరదాలూ మొక్కలూ దాని మీద గట్టిగా ఆధారపడ్డాయి.

అయితే గడియ తీస్తే ఏమవుతుందో చూపిన ప్రయోగం ఈ శాస్త్రం దశనే మార్చింది. పీటర్ జోన్స్, షిర్లీ టేలర్ 1979, 80 సంవత్సరాల్లో 10టీ½ అనే ఎలుక కణాలకు 5-అజాసైటిడిన్ అనే మందు ఇచ్చారు. అది డీఎన్‌ఏలో చేరి మిథైలేషన్ ఎంజైమ్‌ను పట్టేసి పని ఆపుతుంది. కొన్ని వారాలకు ఆ కణాల్లో కొన్ని కండర కణాలుగా, కొన్ని కొవ్వు కణాలుగా, కొన్ని మృదులాస్థి కణాలుగా మారాయి. ఇలా కండరంగా మారిన కణాలను ఆధారం చేసుకుని 1987లో హెరాల్డ్ వైన్‌ట్రాబ్ ప్రయోగశాల మయోడీ అనే జన్యువును బయటికి తీసింది. ఆ ఒక్క ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ను ఎక్కించినా చాలు, మామూలు కణం కండరం దారి పట్టింది. ఒకే ప్రయోగ పరంపర రెండు వైపుల నిజాన్నీ చూపింది: మిథైలేషన్ అడ్డుగా నిలుస్తుంది, ఫ్యాక్టర్ దారి చూపిస్తుంది.

గుర్తు ఉన్నంత మాత్రాన జన్యువు మూతపడదు, దాన్ని చదివేవారు కావాలి. మిథైల్ ఉన్న సీజీని పట్టుకునే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి, అవి డీఎన్‌ఏను గట్టిగా చుట్టేసే యంత్రాంగాన్ని పిలుస్తాయి. వాటిలో ఎంఈసీపీ2 చెడిపోతే ఆడపిల్లల్లో రెట్ సిండ్రోమ్ వస్తుందని 1999లో హుడా జోగ్బీ బృందం కనుగొంది. బిడ్డ ఏడాది పైబడే దాకా బాగానే ఎదిగి, ఆ తర్వాత మాటనూ చేతుల వాడుకనూ కోల్పోతుంది. కణంలో మిథైల్ గుర్తులు ఉన్నచోటే ఉన్నాయి, చదివే ప్రొటీన్ ఒక్కటే లోపించింది.

చెరిపే వ్యవస్థ చాలాకాలం చేతికి చిక్కలేదు. 2009లో హార్వర్డ్‌లో అంజనా రావు బృందం టెట్1 అనే ఎంజైమ్ మిథైల్ సైటోసిన్‌ను హైడ్రాక్సీమిథైల్ సైటోసిన్‌గా మారుస్తుందని ప్రకటించింది. టెట్ కుటుంబం చేసే ఈ మార్పుతో గుర్తు క్రమంగా తొలగిపోతుంది. జీవితంలో రెండుసార్లు ఈ చెరిపివేత పెద్దఎత్తున జరుగుతుంది: ఫలదీకరణ తర్వాత తొలి పిండ దశలో ఒకసారి, వీర్యానికీ అండానికీ మూలమైన కణాల్లో మరోసారి. మొదటి చెరిపివేతను తట్టుకుని నిలిచేవి ముద్రిత జన్యువులు. వీటిలో తండ్రి నుంచి వచ్చిన ప్రతి లేదా తల్లి నుంచి వచ్చిన ప్రతి ఒక్కటే పనిచేస్తుంది. ఇద్దరి ముద్రలూ లేనిదే పిండం పూర్తిగా ఎదగదని 1984లో కేంబ్రిడ్జ్‌లో అజీమ్ సురానీ, అమెరికాలో మెగ్రా, సోల్టర్ చూపించారు.

మొక్కల్లో మిథైలేషన్ జీనోములో పడి ఉన్న చలన జన్యువులను, అంటే ఒకచోటి నుంచి మరోచోటికి దూకగల డీఎన్‌ఏ ముక్కలను, అణచి ఉంచే పనిలో ఎక్కువగా ఉంటుంది. అది సడలితే కణ గుర్తింపు ఎలా దెబ్బతింటుందో తెలుగు రైతుకు దగ్గరి పంటలోనే చూడవచ్చు. భద్రాచలం నుంచి దక్షిణానికి వెళితే అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో ఆయిల్‌పామ్ తోటలు వరుసకడతాయి. ఆ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఏలూరు దగ్గర పెదవేగిలో ఉంది. ప్రపంచవ్యాప్తంగా మేలైన పామ్ చెట్టు నుంచి టిష్యూ కల్చర్ ద్వారా వేలాది నకళ్లు తీయాలన్న ప్రయత్నం 1980ల్లో ఒక వింత సమస్యకు గురైంది. కొన్ని నకలు చెట్ల పూలల్లో మగ భాగాలు ఆడ భాగాల్లా మారిపోయి, కాయలు వికృతమై, నూనె దిగుబడి పడిపోయింది. చెట్టు కాపుకొచ్చేదాకా లోపం పైకి కనిపించదు. అక్షరాల వరుసలో ఎక్కడా తేడా లేదు. 2015లో మలేసియా పామ్ ఆయిల్ బోర్డు శాస్త్రవేత్తలు, అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌కు చెందిన రాబ్ మార్టిన్‌సెన్‌తో కలిసి కారణం తేల్చారు. పూల భాగాల గుర్తింపును నిర్ణయించే ఒక జన్యువు మధ్యలో ‘కర్మ’ అని పేరు పెట్టిన చలన జన్యువు ఉంది. టిష్యూ కల్చర్‌లో దాని మిథైలేషన్ పోతే ఆ పూల జన్యువు సందేశం సగంలో తెగిపోతోంది. మిథైలేషన్ నిలిచిన నకళ్లు మంచి కాయలే కాశాయి. ఇప్పుడు నర్సరీలోనే ఆకు ముక్క పరీక్షించి చెడు నకళ్లను ఏరివేసే వీలుంది. విత్తనం నుంచి పెంచిన మొక్కలకు సాధారణంగా ఈ బెడద లేదు. కణ గుర్తింపును నిలబెట్టడంలో మిథైలేషన్ పాత్రకు ఇది పంట పొలంలోనే దొరికే సూటి ఉదాహరణ.

క్యాన్సర్ కణంలో ఈ జ్ఞాపకం రెండు విధాల చెదురుతుంది: జీనోము మొత్తం మీద మిథైలేషన్ తగ్గుతుంది, కణాన్ని అదుపులో ఉంచే కొన్ని జన్యువుల సీజీ దీవుల్లో మాత్రం పెరుగుతుంది. మొదటిదాన్ని 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ చూశారు. మిథైలేషన్‌ను తగ్గించే అజాసైటిడిన్, డెసిటాబిన్ మందులు 2004, 2006 సంవత్సరాల్లో ఎముక మజ్జ వ్యాధులకు అమెరికాలో అనుమతి పొందాయి. వయసుతో కొన్ని చోట్ల మిథైలేషన్ ఎంత క్రమంగా మారుతుందంటే, 2013లో స్టీవ్ హోర్వత్ 353 సీజీ జంటలను చూసి మనిషి వయసును దగ్గరగా అంచనా వేయగలిగాడు. వయసుకు అది కారణమా, కేవలం జాడేనా అన్నది ఇంకా తెగని ప్రశ్న.

కణ గుర్తింపు మిథైలేషన్‌లో ఎంత స్పష్టంగా నమోదై ఉంటుందో 2023లో జెరూసలేం పరిశోధకులు వెలువరించిన పటం చూపింది. 39 రకాల కణాలను విడివిడిగా శుద్ధిచేసి 205 నమూనాల్లో మిథైలేషన్‌ను పూర్తిగా చదివారు. ఇద్దరు వేర్వేరు మనుషుల కాలేయకణాల మధ్య తేడా, ఒకే మనిషి కాలేయకణానికీ రక్తకణానికీ మధ్య తేడా కంటే చాలా తక్కువ అని తేలింది. రక్తంలో తేలియాడే డీఎన్‌ఏ ముక్క ఏ అవయవం నుంచి వచ్చిందో ఈ గుర్తులను బట్టి చెప్పవచ్చు, క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే కొన్ని రక్త పరీక్షలకు ఆధారం ఇదే.

గుర్తింపు శాశ్వతమూ కాదు. 1962లో జాన్ గర్డన్ తోకకప్ప ప్రేగు కణపు కేంద్రకాన్ని కప్ప అండంలో పెట్టి కొత్త తోకకప్పను పెంచాడు. 2006లో షిన్యా యమనాకా నాలుగు ఫ్యాక్టర్లతో ఎలుక చర్మకణాలను మూలకణాల స్థితికి తీసుకువెళ్లాడు. అలా వెనక్కి వెళ్లిన కణాల్లో పాత మిథైల్ గుర్తులు కొన్ని మిగిలిపోతాయని 2010లో జార్జ్ డేలీ బృందం గమనించింది. రక్తం నుంచి వచ్చినవి రక్తం వైపే సులభంగా మొగ్గుతాయి.

మిథైల్ సమూహం ఎక్కడి నుంచి వస్తుంది? తిండి నుంచే. మిథియోనైన్ నుంచి తయారయ్యే ఎస్-అడినోసిల్ మిథియోనైన్ అనే పదార్థం దాన్ని డీఎన్‌ఏకు ఇస్తుంది. మిథైల్ ఇచ్చేశాక ఆ పదార్థాన్ని మళ్లీ తయారుచేసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కావాలి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల పరిశోధనకు సారథి 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో కన్నుమూసేనాటికి ఆయన రక్తహీనత కోసం, రక్త క్యాన్సర్ కోసం ఈ పదార్థాన్ని చూశాడు. జన్యువుల జ్ఞాపకంతో దాని సంబంధం ఆ తర్వాత దశాబ్దాల్లో బయటపడింది. హైదరాబాద్ సీసీఎంబీలో గిరిరాజ్ రతన్ చాందక్ బృందం పుణె పరిశోధకులతో కలిసి 2018లో ప్రచురించిన పరిశీలనలో, బి12 అందుకున్నవారిలో మధుమేహంతో సంబంధమున్న కొన్ని జన్యువుల మిథైలేషన్ మారింది. ఇలాంటి ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. రక్తం అనేక కణ రకాల మిశ్రమం, ఒక రకం కణాల వాటా కాస్త పెరిగినా సగటు మిథైలేషన్ మారినట్టే కనిపిస్తుంది. తాతల తిండి మనవల జన్యువుల మీద రాసి ఉంటుందన్న ప్రచారానికి మాత్రం క్షీరదాల్లో గట్టి ఆధారం లేదు. పైన చెప్పిన రెండు చెరిపివేతల తర్వాత మిగిలేవి బహు తక్కువ.

మిథైలేషన్ కారణమా, జాడేనా అన్న ప్రశ్న కొంటా ప్రాంతానికి నేరుగా తగిలే చోటు రక్తం. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, శబరి ఒడ్డున ఉన్న కొంటా సుక్మా జిల్లాలోది. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, సీలేరు శబరిలో కలిసేచోట ఒడిశాలోని మోటు. దోర్లలు, కోయలు, మురియా గోండులు, తెలుగు కుటుంబాలు కలిసి ఉండే ఈ మూడు రాష్ట్రాల కూడలి, మలేరియాతో పాటు, ఎర్ర రక్తకణాలను కొడవలిలా వంచే సికిల్ సెల్ జన్యువు కూడా వ్యాపించిన మధ్య భారత గిరిజన ప్రాంతంలో భాగం. సికిల్ వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది, ఈ రెండూ ఒకేచోట కనిపించడానికి కారణం అదే. భారతదేశంలో ఈ జన్యువును మొదట 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరుల్లో గుర్తించారు.

సికిల్ సెల్‌లో, హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు బిడ్డ మెదడు కణంలోనూ చర్మకణంలోనూ ఉంటుంది, కానీ అక్కడ ఆ జన్యువు మూగగా ఉంటుంది కాబట్టి ఏ నష్టమూ లేదు. ఎముక మజ్జలో తయారయ్యే ఎర్ర కణాలు మాత్రమే దాన్ని వాడతాయి. అంతకంటే ముఖ్యమైనది కాలం. 11వ క్రోమోజోము మీద గ్లోబిన్ జన్యువులు వరుసగా ఉంటాయి: తొలి వారాల్లో ఎప్సిలాన్, తర్వాత గర్భం అంతా గామా, పుట్టాక బీటా. పుట్టిన బిడ్డ రక్తంలో గామాతో తయారైన పిండ హిమోగ్లోబినే ఎక్కువ. కొన్ని నెలల్లో గామా మూతపడి బీటా వస్తుంది. సికిల్ బిడ్డకు తొలి నెలల్లో రోగం కనిపించకపోవడానికి పిండ హిమోగ్లోబినే కారణమని 1948లో న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ ఊహించింది. ఒకే రకం కణం, ఎర్ర కణానికి మాతృక, శైశవంలో తన గుర్తింపును ఇలా మార్చుకుంటుంది.

1980లో వాన్ డెర్ ప్లోఖ్, ఫ్లేవెల్ ఈ వరుస మిథైలేషన్‌ను కొలిచి, గ్లోబిన్ పనిచేసే కణాల్లో తక్కువ, పనిచేయని కణాల్లో ఎక్కువ అని చూపారు. పెద్దవారి మజ్జలో గామా ప్రమోటర్ల మీద మిథైల్ ఉంటుంది, పిండ కాలేయంలోని ఎర్ర కణ మాతృకల్లో అది తక్కువ. 1982లో డిసైమోన్, హెల్లర్ బృందం బబూన్ కోతులకు అజాసైటిడిన్ ఇస్తే పిండ హిమోగ్లోబిన్ బాగా పెరిగింది. అదే ఏడాది తిమోతీ లే బృందం తలసీమియా ఉన్న ఒక మనిషిలోనూ అదే చూసింది. మిథైల్ తీసేస్తే గామా తెరుచుకుంటుందన్న మాట రుజువైనట్టే కనిపించింది. కానీ వెంటనే సందేహం పుట్టింది: ఈ మందు మజ్జ కణాలను చంపుతుంది, కోలుకునే మజ్జ తనంతట తానే పిండ హిమోగ్లోబిన్ చేస్తుంది, మరి కారణం మిథైలేషనేనా? మిథైలేషన్‌తో నేరుగా సంబంధం లేని హైడ్రాక్సీయూరియా కూడా 1984లో అదే ఫలితం ఇవ్వడంతో సందేహం బలపడింది. ఆ సందేహం నుంచే నేటికీ సికిల్ రోగుల ప్రధాన మందుగా ఉన్న హైడ్రాక్సీయూరియా వాడకంలోకి వచ్చింది.

2008లో బీసీఎల్11ఏ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ గామాను మూస్తుందని స్టువర్ట్ ఆర్కిన్ బృందం చూపడంతో, నిర్ణయించేది ఎవరో తేలింది. మిథైలేషన్ పాత్ర మాత్రం 2025లో సూటిగా తేలింది. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పరిశోధకులు యూహెచ్‌ఆర్‌ఎఫ్1ను తీసేస్తే గామా తెరుచుకుంటుందని, గామా ప్రమోటర్ మీద మాత్రమే మిథైల్ తిరిగి పెడితే మళ్లీ మూతపడుతుందని చూపారు. మిగతా జీనోమును ముట్టకుండా ఆ ప్రమోటర్ నుంచి మాత్రమే గుర్తులు తీసినా గామా పనిచేసింది. 40 ఏళ్ల వివాదానికి ఇది తగిన జవాబు: గామా మూతలో మిథైలేషన్‌కు సొంత పాత్ర ఉంది.

భారతీయ సికిల్ రోగుల్లో చాలామందికి అరబ్-ఇండియన్ రకం క్రోమోజోము ఉండటంతో గామా కొంత తెరిచే ఉంటుంది, ఆఫ్రికా రోగుల కంటే పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. అంతమాత్రాన ఇక్కడి రోగం తేలికైనదని అనుకోవడం తప్పు. బస్తర్ ఆసుపత్రులకు చేరే నొప్పి కేసులూ తీవ్ర రక్తహీనతలూ ఆ మాటకు ఎదురు సాక్ష్యాలు. బీసీఎల్11ఏను జన్యు కత్తెరతో దెబ్బతీసే కాస్‌జెవీ చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతినిచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. నోటి మాత్రగా డెసిటాబిన్ ఇచ్చే ప్రయత్నం 2017లో తొలిదశ ఫలితాలు చూపింది, అది ఇంకా వాడుకలోకి రాలేదు. మిథైల్ గుర్తును ఒక్కచోట మార్చే చికిత్స ప్రయోగశాల కణాల దగ్గరే ఉంది. కొంటా రోగికి నేడు అందేవి హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ ఆమ్లం, అవసరమైనప్పుడు రక్తం, పసిపిల్లలకు పెన్సిలిన్.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యంగా పెట్టుకుంది. పరీక్ష చేయించుకునే ప్రతి కుటుంబమూ గామా, బీటా మార్పిడి గురించి ఒక్క సంగతి తెలుసుకోవాలి. ఆరు నెలలు నిండని బిడ్డ రక్తంలో పిండ హిమోగ్లోబినే ఎక్కువ కాబట్టి వేలి రక్తంతో చేసే సాల్యుబిలిటీ పరీక్షలో నెగటివ్ వచ్చినా దాన్ని నమ్మకూడదు. ఆ వయసు బిడ్డకు హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ వంటి పరీక్ష చేయించమని అడగాలి.